యంత్రము చెంత నుండవలసిన పుస్తకము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయపు బీరువాలు తెరచి చూచినచో కావ్యములు, పురాణములు, నవలలు, జీవితచరిత్రలు కనబడును. వానిని వ్రాసినవారి పేర్లు అట్టలపై నుండును. పాఠకులు ఆ పేర్లను గౌరవముతో తలచుదురు. కాని బీరువా కెక్కని రచన మరియొకటి ప్రతి యింటను గలదు. మోటారు కొన్ననాడు పెట్టెలో మడతపెట్టి యుంచిన కాగితము, పురుగుమందు డబ్బాకు అంటించిన చీటీ, మందు సీసాతో వచ్చిన సన్నని అక్షరముల పత్రము, సెల్‌ఫోను తెరపై క్షణకాలము కనబడి మాయమగు వాక్యము — ఇవన్నియు ఎవరో యొకరు కూర్చుండి వ్రాసినవే. వ్రాసినవారి పేరు వానిపై నుండదు. బాగుగ నున్నచో మెచ్చుకొనువారు లేరు. అయినను అందొక మాట తప్పినచో మోటారు కాలును, పైరు మాడును, ఒక్కొక్కప్పుడు ప్రాణమే పోవును. ఇట్టి రచనకు సాంకేతిక రచన యని పేరు. అందును కంప్యూటరు సాఫ్టువేరునకు వివరణము వ్రాయు పని యెట్లు పుట్టినది, దాని పనిముట్లు ఎట్లు మారినవి, అది నేడు ఏ దారిని నడచుచున్నది యనునదే ఈ ప్రసంగ విషయము.

సాఫ్టువేరు అనగా కంప్యూటరునకు ఇచ్చు ఆజ్ఞల కూర్పు. నాగలిని చూచినవానికి దానిని ఎచ్చట పట్టుకొనవలెనో కొంత తెలియును. మేడి చేతికి అందునట్లే యుండును. సాఫ్టువేరు కంటికి కనబడదు, చేతికి తగులదు. అది యేమి చేయగలదో, ఏమి చేయలేదో, ఎచ్చట అపాయ మున్నదో చెప్పునది మాట యొక్కటియే. సాఫ్టువేరునకు మాటయే మేడి. ఆ మాటను వ్రాయు పనిముట్లు తరతరమునకు మారినవి. దానికి పెట్టవలసిన పరీక్ష మాత్రము మారలేదు: యంత్రము ముందు ఒంటరిగా నిలిచిన మనుష్యునకు అవసరమైన వేళ కావలసిన మాట అందినదా, లేదా?

శాస్త్రవిషయమును దేశభాషలో అందింపవలెనను తలంపు తెలుగువారికి క్రొత్తది కాదు. మహావీరాచార్యుని సంస్కృత గణితసార సంగ్రహమును పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. లెక్కలకు పద్యమేల యని నేటివారికి తోచవచ్చును. పుస్తకములు అరుదైన కాలమున జ్ఞాపకమే పుస్తకము. పద్యము నోటికి వచ్చును. మాట జారిపోయినచో యతిప్రాసలు చెడి చెవికి తెలియును. ఆనాడు ఛందస్సు అలంకారము మాత్రమే కాదు, తప్పు దొర్లకుండ కాపాడు పనిముట్టు కూడ. సాధనమును బట్టి రచన రూపు మారుననుట కిది మంచి నిదర్శనము.

కంప్యూటరు విషయమున వివరణము యంత్రముకంటె ముందే పుట్టినది. ఇంగ్లండులో చార్లెస్ బాబేజి ఊహించిన విశ్లేషణ యంత్రమును గూర్చి మెనబ్రియా యను ఇటలీ దేశపు ఇంజనీరు ఫ్రెంచి భాషలో నొక వ్యాసము వ్రాసెను. ఏడా లవ్‌లేస్ దానిని ఇంగ్లీషులోనికి మార్చి, మూలముకంటె సుమారు మూడు రెట్లు పొడవైన వివరణములను చేర్చి 1843లో ప్రకటించెను. బెర్నౌలీ సంఖ్యలను ఆ యంత్రము ఏ వరుసలో లెక్కింపవలెనో చూపు పట్టిక అందు గలదు. యంత్రము బాబేజి జీవితకాలమున పూర్తి కాలేదు. వివరణము మాత్రము నిలిచి, నూరేండ్ల తరువాత వచ్చినవారికి దారి చూపినది. అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయమున 1944లో పనిలోనికి వచ్చిన మార్క్ వన్ యంత్రమునకు 1946లో 500 పుటలకు పైబడిన గ్రంథము వెలువడెను. అందు పెద్ద భాగమును వ్రాసినది నౌకాదళమున పనిచేసిన గ్రేస్ హాపర్. ఈ విద్యకు మొదటి పుటలు వ్రాసినవారిలో ఇట్లు ఇరువురు స్త్రీలుండుట గమనింపదగినది.

ఆ తరువాతి కాలమున కంప్యూటర్లు వ్యాపారమునకు వచ్చినవి. 1964లో ఐ.బి.ఎం. సంస్థ ప్రకటించిన సిస్టం 360 వంటి యంత్రములకు పుస్తకములు అరలకొలది వచ్చెడివి. యంత్రము మారినప్పుడెల్ల పుస్తకమును మరల అచ్చువేయుట సాధ్యము కాదు గనుక, మారిన పుటలను మాత్రమే పంపెడివారు. పాత పుటను ఊడదీసి క్రొత్త పుటను చేర్చుట పుస్తకము గలవారి బాధ్యత. ఒకచోట చేర్చిరి, మరియొకచోట మరచిరి. ఒకే పేరు గల పుస్తకము రెండు కార్యాలయములలో రెండు విధములుగా చెప్పెడిది. పాత అడంగలు చూచి క్రొత్త హద్దు నిర్ణయించినచో ఎట్టి తగవులు పుట్టునో పల్లెవారికి వేరుగ చెప్పనక్కరలేదు. వ్రాసినది నిజమై యుండుట యొక్కటియే చాలదు, అది నేటి నిజమై యుండవలెనను పాఠము ఈ విద్యకు అచ్చటనే లభించినది.

1970వ సంవత్సర ప్రాంతమున అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో ఒక చిత్రమైన సంఘటన జరిగెను. కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలగువారు యునిక్స్ అను వ్యవస్థను నిర్మించుచుండిరి. వారికి పెద్ద యంత్రమొకటి కావలసి వచ్చెను. వ్రాత కాగితములను చక్కగా తయారుచేయు సాధనమును నిర్మించి యిచ్చెదమని చెప్పి వారు ఆ యంత్రమును సంపాదించిరి. అట్లు యునిక్స్‌నకు మొదట లభించిన ఆదరణము కాగితములపై వ్రాత పని వలననే. 1971 నవంబరు 3వ తేదీతో వారి చేతిపుస్తకము తొలి కూర్పు వెలువడెను. ప్రతి యాజ్ఞకును ఒకే తీరు పుట: పేరు, వాడు విధము, వివరణము, సంబంధించిన ఇతర విషయములు. అంతటితో ఆగక "దోషములు" అను శీర్షికయు, దానికి బాధ్యు లెవరో తెలుపు శీర్షికయు నుండెను. తమ వస్తువులోని లోపమును తమ పుస్తకములోనే అచ్చువేసికొనుట వర్తక లోకమున అరుదు. ఎద్దును అమ్మువాడు దాని కుంటును ముందుగ చెప్పినట్లున్నది. కాని కొన్నవాడు దుక్కి మధ్యలో మోసపోకుండుటకు అంతకంటె మేలైన మార్గము లేదు.

ఆ కాలముననే డోనాల్డ్ క్నూత్ అను పండితుడు తన గ్రంథముయొక్క క్రొత్త అచ్చు ప్రతులను చూచి, గణితపు అక్షరకూర్పు నచ్చక, 1977లో టెక్ అను అక్షరకూర్పు సాధనమును నిర్మింప మొదలిడెను. 1984లో అతడు మరియొక మాట చెప్పెను: ప్రోగ్రామును యంత్రము చదువుటకు మాత్రమే కాక, మనుష్యుడు చదువుటకును వ్రాయవలెను, ఆజ్ఞయు వివరణమును ఒకేచోట పుట్టవలెను. తన పుస్తకములలో తప్పు చూపినవారికి 2 డాలర్ల 56 సెంట్లు బహుమానముగ నిచ్చుట అతడు ఆచారముగ పెట్టుకొనెను. తప్పు పట్టువానిని శత్రువుగ గాక సహాయకునిగ చూచుట ఈ విద్యలో మొదటి మర్యాద.

ఇంతవరకు చెప్పినవి ముందడుగులు. మాట లేనిచోట ఏమి జరిగినదో కూడ చెప్పనిచో ఈ కథ సగమే యగును.

థెరక్-25 అనునది క్యాన్సరు రోగులకు కిరణ చికిత్స చేయుటకు కెనడా ప్రభుత్వ రంగ సంస్థ నిర్మించిన యంత్రము. 1985 జూను మొదలు 1987 జనవరి వరకు అమెరికా, కెనడా దేశములలో ఆరుగురు రోగులు ఈ యంత్రము వలన మితిమీరిన కిరణ ధారకు గురియైరి. వారిలో కొందరు ఆ గాయములతోనే మరణించిరి. 1986 మార్చి 21వ తేదీన టెక్సస్ రాష్ట్రమందలి టైలర్ నగరములో నొక ఆపరేటరు రోగిని లోపలి గదిలో పడుకొనబెట్టి, బయటికి వచ్చి, చికిత్స వివరములను టైపు చేసెను. అలవాటు చొప్పున ఒక అక్షరము తప్పు పడెను. ఆమె వెంటనే దానిని దిద్ది చికిత్సకు ఆజ్ఞ యిచ్చెను. యంత్రము ఆగి, తెరపై "మాల్‌ఫంక్షన్ 54" అను మాట చూపెను. అనగా 54వ సంఖ్య గల లోపము. రోగికి 202 యూనిట్లు ఇయ్యవలసి యుండగా 6 యూనిట్లు మాత్రమే అందినట్లు తెర చెప్పుచుండెను. ఆ యంత్రము దినమునకు అనేక మారులు ఏదో యొక సంఖ్య చూపి ఆగుచుండుట అచ్చటివారికి అలవాటు. అట్టివేళ "పి" యను మీట నొక్కినచో పని సాగును. ఆమె అట్లే నొక్కెను. లోపల రోగి మొదటి దెబ్బకే కరెంటు తగిలినట్లు తల్లడిల్లి లేచుటకు యత్నించుచుండగా రెండవ దెబ్బ తగిలెను. లోపలి దృశ్యమును చూపు తెర ఆనాడు పనిచేయుట లేదు. లోపలి మాట వినిపించు సాధనమును చెడియుండెను. ఆ రోగి అయిదు మాసములకు మరణించెను. మరుసటి నెలలో అదే చోట, అదే సంఖ్యతో, మరియొక రోగి బలియయ్యెను.

యంత్రముతో వచ్చిన పుస్తకమున 54వ సంఖ్యకు అర్థమేమో లేదు. ఆ సంఖ్యకు అందిన మోతాదు మిక్కిలి ఎక్కువ యని గాని మిక్కిలి తక్కువ యని గాని అర్థమట! ఆ రెంటిలో ఒకటి నిరపాయము, మరియొకటి మరణము. ఆ భేదము వాడువారికి చేరలేదు. ఆ చికిత్సాలయపు భౌతికశాస్త్రవేత్తయు, ఆ ఆపరేటరును కలిసి అవే అక్షరములను మరల మరల టైపు చేసి, దిద్దుబాటు త్వరగా జరిగినప్పుడే ఈ సంఖ్య వచ్చుచున్నదని కనిపెట్టిరి. దోషమునకు మూలము సాఫ్టువేరులో నుండెను. పూర్వపు నమూనాలలో నుండిన విడి రక్షణ సాధనములను తొలగించి సాఫ్టువేరునే నమ్ముటయు అందుకు తోడయ్యెను. 1993లో నాన్సీ లెవెసన్, క్లార్క్ టర్నర్ అను పరిశోధకులు ఈ సంగతులన్నిటిని విచారించి ప్రకటించిరి. పుస్తకములో నొక పంక్తి యుండినంత మాత్రమున ఆ దోషము పోయెడిది కాదు. కాని "ఈ సంఖ్య కనబడినచో మరల మీట నొక్కరాదు, రోగిని వెలుపలికి తెచ్చి చూడవలెను" అను పంక్తి యొకటి యుండి, అది ఆ బల్లపై నుండినచో, ఆ చేయి రెండవసారి మీటపైకి పోయెడిది కాదనుకొనుటకు అవకాశమున్నది. అర్థము కాని సందేశములు పదే పదే వచ్చినప్పుడు మనుష్యుడు చదువుట మాని నొక్కుట నేర్చుకొనును. ఇది ఆ ఆపరేటరు దోషము కాదు. ఆ యలవాటును నేర్పినది యంత్రమే.

ఇట్టి యనుభవముల వలనను, పరిశోధనల వలనను ఈ రచనలో క్రొత్త చూపు వచ్చినది. ఐ.బి.ఎం. పరిశోధనాలయమున జాన్ కారల్ అను విద్వాంసుడు క్రొత్తగ కంప్యూటరు ముందు కూర్చున్నవారిని ప్రక్కన నుండి గమనించెను. వారు పుస్తకమును మొదటి పుటనుండి చదువుట లేదు. ముందు పని మొదలుపెట్టుదురు. చిక్కుపడినప్పుడు పుస్తకమును తిరుగవేయుదురు. కావలసినది వెంటనే దొరకనిచో మూయుదురు. పాఠకుడు సోమరి యని నిందింపక, పాఠకుని పద్ధతికే పుస్తకము సరిపడవలెనని అతడు నిశ్చయించెను. పీఠికలు తగ్గించి, పనిని బట్టి విభజించి, తప్పు జరిగినచో గుర్తించుట యెట్లు, బయటపడుట యెట్లు అనునది ప్రతిచోట చెప్పవలెనని 1990లో వెలువడిన తన గ్రంథమున వివరించెను. పుస్తకము బరువు తగ్గినకొలది ఉపయోగము పెరిగినది.

విమాన పరిశ్రమవారు మరియొక దారి త్రొక్కిరి. విమానమును మరమ్మతు చేయువారిలో ఇంగ్లీషు మాతృభాష కానివారు అనేకులు. 1986లో వెలువడిన సరళ సాంకేతిక ఇంగ్లీషు నియమములు మాటల సంఖ్యను తగ్గించి, సాధ్యమైనంతవరకు ఒక మాటకు ఒకే అర్థము నిర్ణయించినవి. పని చెప్పు వాక్యము 20 మాటలు మించరాదు. ఒక వాక్యమున ఒక పనియే చెప్పవలెను.

తెలుగులో ఇట్టి స్పష్టతకు భాషయందే ఒక సౌకర్యమున్నది. "కరెంటు ఆపి, మూత తీయవలెను" అని చెప్పినచో ముందు చేయవలసిన పని ముందే వచ్చును. "ఆపి" యను నొక్క మాటయే వరుసను నిర్ణయించును. పరభాషా వాక్యమును మక్కికి మక్కిగ దింపి "మూత తీయుటకు ముందుగ కరెంటు ఆపవలయునని గమనింపగలరు" అని వ్రాసినచో, ఒక చేత కాగితమును, ఒక చేత స్క్రూడ్రైవరును పట్టుకొన్న మనుష్యుడు "మూత తీయుట" వరకు చదివి మూత తీయును. తక్కిన వాక్యము చదువుటకు చేయి మిగులవలెను గదా! తాను పలుకు భాషనే తిన్నగ వ్రాసినచో ఈ అపాయము తప్పును.

రచనను విభజించు విద్యయు క్రమముగ పెరిగినది. ఇది శీర్షిక, ఇది హెచ్చరిక, ఇది చేయవలసిన మెట్టు అని ప్రతి భాగమునకు గుర్తు పెట్టి, అచ్చులో దాని రూపమును వేరుగ నిర్ణయించు పద్ధతి 1969లో ఐ.బి.ఎం.లో మొలకెత్తెను. అది 1986లో ఎస్.జి.ఎం.ఎల్. అను అంతర్జాతీయ ప్రమాణమయ్యెను, 1998లో ఎక్స్.ఎం.ఎల్.గా సులభమయ్యెను, 2005లో డిటా యను ప్రమాణముగ చేతిపుస్తకములకు వచ్చెను. దీని ఫలము సులభముగ చెప్పవచ్చును. ఒక హెచ్చరిక నలుబది పుస్తకములలో రావలసి యున్నచో దానిని ఒక్కచోటనే వ్రాసి నలుబదింటిలోను చూపవచ్చును. తప్పును ఒక్కచోట దిద్దినచో అన్నిచోట్ల దిద్దుకొనును. పుటలు ఊడదీసి చేర్చిన కష్టము అంతటితో తీరినది.

డానియేలే ప్రోచిదా అను రచయిత వివరణములను నాలుగు విధములుగ విభజించెను. ఆవకాయను ఉదాహరణముగ తీసికొనిన ఈ విభాగము స్పష్టమగును. పిల్లను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, తల్లి నాలుగు కాయలతో మొదటిసారి చేయి పట్టి చేయించుట పాఠము. పచ్చడి పెట్టుట తెలిసిన ఇల్లాలికి ఈ యేడు నూరు కాయలకు ఏ వరుసలో చేయవలెనో చెప్పుట పని వరుస. కాయలకు ఉప్పెంత, కారమెంత, ఆవపిండి యెంత, నూనె యెంత యను కొలతల చీటీ పట్టిక. ముక్కకు తడి యేల తగులరాదు, నూనె పైకి తేలి యేల యుండవలెను అనునది కారణ వివరణము. నాలుగును కావలసినవే. కాని కొలత యడిగినవానికి కారణము చెప్పినను, మొదటిసారి నేర్చుకొనువాని ముందు పట్టిక పెట్టినను ఇరువురును విసుగు చెందుదురు. ఎన్నియో చేతిపుస్తకములు చెడునది ఈ కలగాపులగము వలననే.

ఇటీవలి పనిముట్లలో మూడు ముఖ్యమైనవి. 1995లో వార్డ్ కనింగ్‌హాం నిర్మించిన వికీ వలన చదువరియే పుటను దిద్దుటకు వీలయ్యెను. ఆ పద్ధతిపై 2001లో వికీపీడియా, 2003లో తెలుగు వికీపీడియా మొదలైనవి. 2004లో జాన్ గ్రూబర్ ప్రకటించిన మార్క్‌డౌన్ వలన సామాన్యమైన వ్రాతలోనే శీర్షికలు, పట్టీలు గుర్తించుట తేలికయైనది. 2005లో లినస్ టోర్వాల్డ్స్ నిర్మించిన గిట్, ఎవరు ఏ పంక్తిని ఎన్నడు మార్చిరో చెదరకుండ లెక్క వ్రాసి యుంచును. ఈ సాధనముల కూడిక వలన ప్రోగ్రాములతోపాటే వాని వివరణమును ఒకే దస్త్రమున నుంచి, ఒకరు వ్రాసినది మరియొకరు పరిశీలించి, రెంటిని కలిపి విడుదల చేయు ఆచారము వచ్చినది. ప్రోగ్రాము మారి వివరణము మారనిచో పని పూర్తి కానట్లే యెంచుదురు. ఇట్టి రచయితలు తమ కష్టసుఖములు చెప్పుకొనుటకు 2013 నుండి "రైట్ ది డాక్స్" అను పేరున సమావేశములు జరుపుకొనుచున్నారు.

2022 నవంబరులో చాట్ జీపీటీ ప్రజలకు అందుబాటులోనికి వచ్చిన తరువాత యంత్రమే వివరణము వ్రాయు కాలము వచ్చినది. అది చిత్తుప్రతిని క్షణములో సిద్ధపరచును, అనువాదమునకు తోడ్పడును, పొడవైన దానిని కుదించును. కాని అది లేని ఆజ్ఞను ఉన్నట్లుగ, పనిచేయని మెట్టును పనిచేయునట్లుగ, నిండు ధైర్యముతో వ్రాయుటయు గలదు. మాట చక్కగ నున్నందువలన చదువరి అనుమానింపడు. అందువలన సాంకేతిక రచయితల ప్రాత నియమము నేడు మరింత అవసరమైనది: వ్రాసిన ప్రతి మెట్టును ఒకరు చేతితో చేసి చూచిన పిదపనే ప్రకటింపవలెను. వండి రుచి చూడక వడ్డించు వంటవానిని ఎవ్వరును రెండవసారి పిలువరు.

ఇక తెలుగు చదువరి మాట. కంప్యూటరులో తెలుగు అక్షరములకు చాలకాలము ఒక నిలకడ లేకుండెను. ఒక అక్షరరూపముతో వ్రాసినది మరియొక యంత్రమున తెరచినచో గజిబిజి గుర్తులు కనబడెడివి. 1991లో మొదటి కూర్పు వెలువడిన యూనికోడ్ తెలుగు అక్షరములకు నిర్ణీతమైన సంఖ్యలు ఇచ్చినది. ఆ పద్ధతి క్రమముగ వ్యాపించుటచే తెలుగులో వ్రాసిన వివరణమును ఏ యంత్రములోనైనను చదువుటకును, వెదకుటకును వీలయ్యెను. అనగా త్రోవ ఏర్పడినది. ఆ త్రోవపై బండ్లు మాత్రము ఇంకను పలుచగనే నడచుచున్నవి. ఫోను తెరపై కనబడు మాటలలో ఎన్నియో ఇంగ్లీషులోనే యుండును. తెలుగులో నున్నవి కొన్ని ఏ ఊరివారును పలుకని తెలుగులో నుండును.

దీని ఫలితము చిన్నది కాదు. 2016లో యూపీఐ పద్ధతి ఆరంభమైన తరువాత ఫోను ద్వారా డబ్బు పంపుట పల్లెలకును వచ్చినది. అందు రహస్య సంఖ్య డబ్బు పంపుటకే కావలెను, పుచ్చుకొనుటకు అక్కరలేదు. ఈ యొక్క వాక్యము తెలియక, "మీకు డబ్బు వచ్చుచున్నది, సంఖ్య నొక్కుడు" అను మోసగాని మాట నమ్మి సొమ్ము పోగొట్టుకొన్నవారు కలరు. తెరపై వచ్చిన సందేశమును చదువక "సరే" యని నొక్కు చేయి, టైలర్ నగరములో "పి" మీట నొక్కిన చేతికి చుట్టమే. ఆ రెండు చేతులను ఆపగలిగినది ఒక్కటే — అర్థమగు భాషలో, అవసరమైన చోట, సరియైన క్షణమున నుండు ఒక చిన్న వాక్యము.

ఇది గ్రంథాలయమునకు సంబంధము లేని విషయము కాదు. గ్రంథాలయ శాస్త్రమునకు అయిదు సూత్రములు కూర్చి 1931లో ప్రకటించిన ఎస్. ఆర్. రంగనాథన్, పాఠకుని కాలమును ఆదా చేయుట గ్రంథాలయ ధర్మమని వానిలో నొక సూత్రముగ పెట్టెను. ఆయనయే 1962లో బెంగళూరున డాక్యుమెంటేషన్ పరిశోధన శిక్షణ కేంద్రమును స్థాపించెను. పుస్తకమును పాఠకునకును, పాఠకుని పుస్తకమునకును చేర్చు విద్యయు, యంత్రమును మనుష్యునకు చేర్చు విద్యయు అన్నదమ్ములు. ఆంధ్రదేశమున 1914లో బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగిననాటి నుండి గ్రంథాలయము చదువనేర్చినవారికి మాత్రమే కాక, ఇతరులకు చదివి వినిపించుటకును స్థానమైనది.

ఆ సంప్రదాయమునకు ఇప్పుడొక క్రొత్త పని దొరకినది. మోటారు కాగితములు, మందు చీటీలు, ఫోను సూచనలు ఒక దస్త్రముగ కట్టి గ్రంథాలయమున నుంచుటకు ఖర్చు లేదు. నెలకొక సాయంకాలము వానిలో నొకదానిని ఒకరు చదువగా నలుగురు వినుట కష్టము కాదు. వినువాడు ఎచ్చట కనుబొమలు ముడిచెనో, ఎచ్చట "మరల చదువుము" అనెనో అచ్చట గీత పెట్టవలెను. ఆ గీత పడినది వినువాని తెలివితక్కువ వలన కాదు, వ్రాసినవాని పొరపాటు వలన. ఆ కాగితము చేసిన సంస్థకు ఒక కార్డు వ్రాసినచో, మంచి సంస్థ దానిని బహుమానముగ స్వీకరించును. పట్టణములలో సాఫ్టువేరు సంస్థలు పెద్ద వ్యయముతో జరుపు పరీక్ష ఇదియే. సాఫ్టువేరు పనికి హైదరాబాదునకు, పరదేశములకు వెళ్లిన పల్లె బిడ్డలు పండుగకు వచ్చినప్పుడు ఆ దస్త్రమును వారి ముందు పెట్టవచ్చును. తాము వ్రాయు సందేశము చివరకు ఎవరి యరచేతిలో వెలుగుచున్నదో వారికి అప్పుడు తెలియును.

పనిముట్లు మారినవి, ఇకను మారును. ఛందస్సు, అచ్చు, దస్త్రము, వికీ, యంత్రరచన — ఏదియు శాశ్వతము కాదు. నిలుచునది ఒక్క బాధ్యత: వస్తువును చేసినవాడు తాను లేనిచోట, తాను చూడని మనుష్యునకు, నిజమును తిన్నగ చెప్పి పోవుట. రజతోత్సవము జరుపుకొనుచున్న ఈ గ్రంథాలయము ఇరువదియైదేండ్లుగ మాటకును మనుష్యునకును నడుమ నిలిచినది. బీరువా కెక్కని ఆ చిన్న కాగితములకును ఇచ్చట నొక అర లభించుగాక! అర్థము కాని సందేశము ముందు ఒంటరిగ నిలిచిన చేయి, మీట నొక్కుటకు ముందు ఒక్క క్షణము ఆగి, ఈ గ్రంథాలయము వైపు చూచుగాక!